రెండు శనివారాలే కదా అనుకుంటే...

బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ షరతులు దాటిన డాక్టర్ల మీద విచారణ ఎలా సాగుతుంది? మనవాళ్లు ఎక్కడ పొరబడుతున్నారు?

కిందటి చలికాలంలో ఒక ఆదివారం రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది. చేసింది వరంగల్‌లో ఎంబీబీఎస్ చదివి, నాలుగేళ్ల కిందట ఇక్కడికొచ్చిన కుర్రాడు. మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో పరిచయమయ్యాడు. క్షేమసమాచారాలేమీ లేకుండా నేరుగా విషయానికొచ్చాడు.

"అన్నా, నా రిజిస్ట్రేషన్ మీద కండిషన్లు పెట్టిన్రు కదా. అవి ఫైనల్ కాదు, ఇంటెరిమే. మనోళ్ల ప్రైవేటు క్లినిక్ ఒకటుంది. రెండు శనివారాలు వచ్చి కూర్చోమంటున్నరు. రెండే శనివారాలు. ఇది కూడా జీఎంసీకి చెప్పాల్నా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తెలియక కాదు. పదేళ్లు దాటిన పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. నాతోపాటు ఇక్కడికి వచ్చిన మిత్రుడొకడు ఇలాగే షరతుల కింద పనిచేసేవాడు. ఓ రాత్రి మా ఇంట్లో భోంచేశాక, తన సూపర్‌వైజర్‌కు తెలియకుండా వేరే చోట కొన్ని షిఫ్టులు చేస్తున్నానని చెప్పాడు. ఇంటి అప్పుంది, పిల్లల ఫీజులున్నాయి. విని ఊరుకున్నాను. "వద్దు, రేపే చెప్పేయ్" అనే ఒక్క మాట నా నోట రాలేదు. తర్వాత టైమ్‌షీట్లు బయటపడ్డాయి. ఈరోజు అతను ఈ దేశంలో డాక్టరు కాదు. మొదట అతని మీదొచ్చిన ఫిర్యాదు రికార్డుల నిర్వహణ గురించి. దానికే అయితే రిజిస్ట్రేషన్ పోయేది కాదు.

ఆ మౌనానికి బాకీగా రాస్తున్నదే ఈ వ్యాసం. నేను లాయర్ని కాను. మిడ్‌లాండ్స్‌లో ఒక ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రి కన్సల్టెంటుని. షరతుల కింద ఉన్న డాక్టర్లకు సూపర్‌వైజర్‌గా కూర్చున్న అనుభవం ఉంది. డాక్టరున్న ఇంటికీ, ఆ డాక్టరు దగ్గరకు వెళ్లే ఇంటికీ ఈ విషయం అవసరమే.

నాలుగు మెట్లు

బ్రిటన్‌లో డాక్టర్ల రిజిస్టర్‌ను నడిపేది జనరల్ మెడికల్ కౌన్సిల్, అంటే జీఎంసీ. 1858 నాటి చట్టంతో పుట్టింది. ఇప్పుడు 1983 మెడికల్ యాక్ట్ కింద పనిచేస్తోంది. ఫిర్యాదును దర్యాప్తు చేసేది జీఎంసీ. తీర్పు చెప్పేది మాత్రం మాంచెస్టర్‌లోని మెడికల్ ప్రాక్టీషనర్స్ ట్రైబ్యునల్ సర్వీస్, ఎంపీటీఎస్. ఆరోపించేవారే తీర్పరులు కాకూడదని 2012లో దీన్ని విడిగా ఏర్పాటు చేశారు. ట్రైబ్యునల్‌లో సాధారణంగా ముగ్గురుంటారు. వారిలో డాక్టరూ ఉంటారు, వైద్యవృత్తితో సంబంధం లేని వ్యక్తీ ఉంటారు.

విచారణ మూడు ప్రశ్నల మీద నడుస్తుంది. ఆరోపించిన సంగతులు జరిగాయా? జరిగితే, ఈ డాక్టరు వృత్తికి ఉండాల్సిన అర్హత ఈరోజు దెబ్బతిని ఉందా? ఉంటే ఏం చేయాలి? మొదటి ప్రశ్నకు క్రిమినల్ కోర్టుల్లోలా అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు. 2008 నుంచి సివిల్ కేసుల కొలమానమే ఇక్కడా వాడుతున్నారు. జరగలేదు అనడం కంటే జరిగింది అనడానికే ఎక్కువ ఆస్కారం కనిపిస్తే చాలు.

మూడో ప్రశ్నకు నాలుగు జవాబులున్నాయి. ఏ చర్యా లేకుండా వదిలేయడం, మూడేళ్ల వరకు షరతులు, 12 నెలల వరకు సస్పెన్షన్, రిజిస్టర్ నుంచి పేరు తొలగింపు. పేరు పోయాక తిరిగి చేర్చమని అడగాలంటే కనీసం 5 ఏళ్లు ఆగాలి. అడిగితే ఇచ్చేస్తారన్న భరోసా లేదు.

ఇవి గాక తుది విచారణకు ముందే వచ్చే మధ్యంతర ఉత్తర్వులు వేరు. దర్యాప్తు సాగుతుండగా రోగులకు ముప్పు ఉండొచ్చని అనిపిస్తే ఇంటెరిమ్ ఆర్డర్స్ ట్రైబ్యునల్ 18 నెలల వరకు షరతులు గానీ సస్పెన్షన్ గానీ విధించగలదు. గడువు పెంచాలంటే జీఎంసీ హైకోర్టుకు వెళ్లాలి. ఈ దశలో ఎవరిది తప్పో తేల్చరు, ముప్పును మాత్రమే తూకం వేస్తారు. మన కుర్రాడి పొరపాటు ఇక్కడే మొదలైంది. తప్పు తేలలేదు కాబట్టి ఉత్తర్వుకు బలం తక్కువ అనుకున్నాడు. తేలకపోయినా ఉత్తర్వు ఉత్తర్వే. దాన్ని దాటితే మధ్యంతర షరతుల స్థానంలో మధ్యంతర సస్పెన్షన్ రావచ్చు. దాటడమే ఇంకో కొత్త ఆరోపణగా తుది విచారణకు చేరవచ్చు.

షరతు అంటే ఏమిటి

షరతును శిక్షగా చూడటం మనవాళ్ల అలవాటు. చట్టం దృష్టిలో అది శిక్ష కాదు, రక్షణ. రోగుల భద్రత, వృత్తి మీద జనం నమ్మకం, వృత్తి ప్రమాణాలు, ఈ మూడింటినీ కాపాడటమే లక్ష్యమని చట్టం చెబుతుంది. డాక్టరుకు తన లోపం అర్థమైందని, సరిదిద్దుకునే వీలుందని నమ్మితేనే ట్రైబ్యునల్ షరతుల వైపు మొగ్గుతుంది. ఆ షరతులు ఆచరించదగ్గవీ, కొలవదగ్గవీ అయి ఉండాలని మార్గదర్శకాలు చెబుతాయి.

మామూలుగా ఉండే షరతులు ఇలా ఉంటాయి. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం వివరాలు 7 రోజుల్లో జీఎంసీకి తెలపాలి. కొత్త ఉద్యోగం ఒప్పుకుంటే అదీ చెప్పాలి. ఇతర దేశంలో ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నా చెప్పాలి. పనిచేసే ప్రతిచోటా, లోకమ్ ఏజెన్సీకి కూడా, తన మీద షరతులున్నాయని తెలియజేయాలి. ఫలానా స్థాయి పర్యవేక్షణలోనే పనిచేయాలి. తక్కువ రోజుల లోకమ్ పనులు ఒప్పుకోకూడదు. కొందరికి రోగిని పరీక్షించేటప్పుడు మూడో మనిషి తప్పక పక్కన ఉండాలనీ, ప్రతి పరీక్షకూ ఆ వ్యక్తి సంతకంతో పుస్తకం రాయాలనీ ఉంటుంది.

డాక్టరు ఆరోగ్యానికి సంబంధించినవి తప్ప మిగిలిన షరతులన్నీ జీఎంసీ రిజిస్టర్‌లో అందరికీ కనిపిస్తాయి. ట్రైబ్యునల్ కాకుండా, జీఎంసీ కేసు ఎగ్జామినర్లతో డాక్టరు స్వయంగా ఒప్పుకునే హామీలు కూడా ఉంటాయి. వాటిని 'అండర్‌టేకింగ్స్' అంటారు. మనం ఒప్పుకున్నవే కదా అని వాటిని తేలిగ్గా తీసుకునేవారున్నారు. హామీ తప్పినా దారి ట్రైబ్యునల్‌కే.

దాటడంలో మూడు రకాలు

నేను చూసినంతలో షరతులు మూడు విధాలుగా దాటుతారు.

మొదటిది అజాగ్రత్త. ఉద్యోగం మారిన హడావుడిలో 7 రోజుల గడువు దాటిపోతుంది. ఆసుపత్రికి చెబుతారు, ఏజెన్సీకి చెప్పడం మరిచిపోతారు. సంతకాల పుస్తకంలో రెండు రోజులు ఖాళీగా ఉంటాయి.

రెండోది చేతకాని పరిస్థితి. సూపర్‌వైజర్ వేరే ఆసుపత్రికి వెళ్లిపోతారు, ఆ స్థానంలో ఎవరూ రారు. వారానికోసారి కూర్చుని మాట్లాడాలని షరతులో ఉంటుంది, వార్డులో మనుషులు లేక నెలకోసారి కూడా కుదరదు. డాక్టరు పని చేసుకుపోతుంటాడు. అతని తప్పు చాలా తక్కువ. అయినా ఆ రోజు నుంచి అతను షరతు బయట పనిచేస్తున్నట్టే.

మూడోది దాచడం. తెలిసీ చెప్పకపోవడం. అడిగితే లేదనడం. ఫారంలో 'మీ రిజిస్ట్రేషన్ మీద ఆంక్షలున్నాయా' అన్న గడిలో లేదని టిక్కు పెట్టడం.

ట్రైబ్యునల్ ఈ మూడింటినీ ఒకే గాటన కట్టదు. మొదటి రెండిటిలో డాక్టరు తానే ముందుకొచ్చి చెప్పాడా, కాగితం మీద ఆధారం ఉందా అని చూస్తుంది. మూడోది తేలితే కేసు స్వభావమే మారిపోతుంది. అప్పటిదాకా వైద్య నైపుణ్యం గురించిన కేసు, ఆ క్షణం నుంచి నిజాయతీ కేసు అవుతుంది. నైపుణ్యం లోపానికి శిక్షణ ఉంది. నిజాయతీ లోపానికి ఏ కోర్సు సర్టిఫికెట్ తేగలం?

నిజాయతీని కొలిచే పద్ధతి 2017లో ఇక్కడి సుప్రీంకోర్టు ఐవీ కేసులో చెప్పింది. ముందు, ఆ సమయంలో ఆ మనిషికి నిజంగా ఏం తెలుసు, ఏం నమ్మాడు అని తేలుస్తారు. తర్వాత, అది తెలిసి అలా చేయడాన్ని మామూలు మంచి మనుషులు ఏమంటారని చూస్తారు. 'అది తప్పని నాకు అనిపించలేదు' అన్న సమర్థన ఈ రెండో మెట్టు దగ్గర పనికిరాదు. మన కుర్రాడి 'రెండు శనివారాలే' అన్న మాటను ఈ కొలమానం పక్కన పెట్టి చూడండి. షరతు సంగతి తెలుసు. అడగాలని కూడా తోచింది, అందుకే నాకు ఫోన్ చేశాడు. ఆ తర్వాత చెప్పకుండా వెళ్లి కూర్చుంటే తెలియక చేశానని ఎలా అంటాడు?

రివ్యూలో ఏం జరుగుతుంది

షరతుల గడువు ముగిసేలోపు ట్రైబ్యునల్ మళ్లీ కూర్చుంటుంది. షరతు దాటినట్టు సమాచారం వస్తే గడువు దాకా ఆగకుండా జీఎంసీ ముందే విచారణ పెట్టించగలదు. దాటినట్టు నిరూపించాల్సింది జీఎంసీయే. నిరూపణ అయితే మెడికల్ యాక్ట్ ట్రైబ్యునల్‌కు గట్టి అధికారాలిచ్చింది. 12 నెలల వరకు సస్పెండ్ చేయవచ్చు, రిజిస్టర్ నుంచి పేరే తొలగించవచ్చు. కేవలం అనారోగ్యానికి లేదా ఇంగ్లిష్ భాషకు సంబంధించిన కేసుల్లో తొలగింపుకు వీల్లేదు. మిగతా అన్నిటిలోనూ ఉంది.

మనవాళ్లు గమనించని సంగతి ఇంకోటుంది. మొదటి విచారణలో రుజువు భారం జీఎంసీది. రివ్యూకు వచ్చేసరికి, నేనిప్పుడు ఏ ఆంక్షా లేకుండా పనిచేయగలను అని చూపించుకోవాల్సిన బరువు ఆచరణలో డాక్టరు మీద పడుతుంది. సూపర్‌వైజర్ నివేదికలు, హాజరైన కోర్సులు, రాసుకున్న ఆత్మపరిశీలన, సహోద్యోగుల లేఖలు, ఇవన్నీ అక్కడ మాట్లాడతాయి. చేతులూపుకుంటూ వెళ్లినవారికి షరతులు పొడిగించడమే సాధారణ ఫలితం.

తీర్పు నచ్చకపోతే 28 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. అయితే తీర్పు మరీ మెత్తగా ఉందనిపిస్తే జీఎంసీ కూడా కోర్టుకెక్కవచ్చు. వృత్తి నియంత్రణ సంస్థల మీద నిఘా ఉంచే ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ అథారిటీ కూడా వెళ్లవచ్చు. ట్రైబ్యునల్ కనికరించినంత మాత్రాన కథ ముగిసినట్టు కాదు.

రోగి వైపు నుంచి

ఇంత కఠినం ఎందుకని డాక్టర్ల ఇళ్లలో అడుగుతారు. కాసేపు కుర్చీ ఇటు జరిపి చూద్దాం. మీ అమ్మగారు విజిటర్ వీసా మీద వచ్చారు. భాష రాదు. మనవాళ్లే కదా అని ఒక తెలుగు డాక్టరు ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్లారు. మహిళా రోగులను ఒంటరిగా పరీక్షించకూడదని అతని మీద షరతుంది. మీకు తెలియదు. క్లినిక్ యజమానికీ తెలియదు. మూడో మనిషి గదిలో లేరు. ఆ రోజు ఏమీ జరగకపోవచ్చు. అయినా ఆ తలుపు వెనకాల మీ అమ్మగారికి రావాల్సిన రక్షణ రాలేదు.

షరతు అనేది డాక్టరుకూ, రోగికీ మధ్య రాసుకున్న ఒప్పందం లాంటిది. రోగి సంతకం అందులో ఉండదు, చదివే అవకాశమూ తక్కువే. కాబట్టి దాన్ని నిలబెట్టే భారం పూర్తిగా డాక్టరుదే. షరతులతోనైనా పని చేయనివ్వడమంటే, ఎవరూ చూడకపోయినా పాటిస్తాడని నమ్మడమే. ఆ నమ్మకం పోతే పెట్టడానికి మిగిలిన షరతంటూ ఉండదు. అందుకే ట్రైబ్యునళ్లు అంత కఠినంగా ఉంటాయి. అది న్యాయమేనని నేననుకుంటాను.

మీరు ఏ డాక్టరు దగ్గరకు వెళ్తున్నా జీఎంసీ వెబ్‌సైట్‌లో పేరు గానీ ఏడంకెల నంబరు గానీ కొట్టి చూడొచ్చు. ఉచితం, రెండు నిమిషాల పని. అనుమానించినట్టు అనుకోనక్కర్లేదు.

మనవాళ్లకే ఎందుకు బరువు

అయితే ఈ వ్యవస్థ అందరి మీదా ఒకేలా పడటం లేదు. జీఎంసీ స్వయంగా చేయించిన 'ఫెయిర్ టు రిఫర్' అధ్యయనం 2019లో వచ్చింది. ఆసుపత్రుల యాజమాన్యాలు జీఎంసీకి ఫిర్యాదు చేయడంలో తెల్లజాతి డాక్టర్లకంటే మైనారిటీ జాతుల డాక్టర్ల రేటు రెట్టింపు ఉందని, విదేశాల్లో చదివి వచ్చినవారి రేటు ఇక్కడ చదివినవారికి రెండున్నర రెట్లని దాని నేపథ్యం. కారణాలనూ వివరించింది. కొత్తగా వచ్చినవారికి సరైన పరిచయ శిక్షణ ఉండదు. చిన్న లోపం కనబడ్డప్పుడు ముఖం మీద చెప్పడానికి పైవాళ్లు జంకుతారు. చెప్పకుండా దాచుకున్నదంతా ఒకేసారి ఫిర్యాదుగా బయటికొస్తుంది. లోకమ్ పనుల్లో తిరిగేవారికి అండగా మాట్లాడే బృందం ఉండదు. ఈ తేడాను 2026 నాటికి తొలగించాలని జీఎంసీ 2021లో లక్ష్యం పెట్టుకుంది.

2022లో మాంచెస్టర్‌లో జీపీ డాక్టర్ మంజుల అరోరా కేసు గుర్తుండే ఉంటుంది. ఒక ల్యాప్‌టాప్ ఇస్తామని తనకు మాటిచ్చారని చెప్పిన దాని మీద నిజాయతీ లేదని నెల రోజుల సస్పెన్షన్ వేశారు. దేశమంతా డాక్టర్లు గొడవ చేశారు. చివరకు ఆ తీర్పు నిలవలేదు. ఇలాంటివి చూసినవారికి వ్యవస్థ మీద భయం ఉండటంలో ఆశ్చర్యం లేదు.

భయానికి తోడు వీసా. స్పాన్సర్‌షిప్ మీద ఉన్న డాక్టరు ఉద్యోగం పోతే వేరే స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా దొరికేది 60 రోజులు. షరతులున్న డాక్టరుకు పర్యవేక్షణ ఇచ్చే ఉద్యోగం ఆ 60 రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది? భార్య డిపెండెంట్ వీసా మీద, పిల్లలు ఇక్కడి బడిలో. ఊళ్లో నాన్నగారికి చెబితే తట్టుకోలేరు. ఈ మూలకు నెట్టబడ్డ మనిషికి 'రెండు శనివారాలు' ఊపిరిలా కనిపిస్తాయి. ఇదంతా చెబుతున్నది దాచడాన్ని సమర్థించడానికి కాదు. ఎక్కడ జారతారో తెలిస్తే అక్కడ చెయ్యి అందించవచ్చని.

మన సమాజం కూడా తెలియకుండా నెడుతుంటుంది. 'అన్నా, అమ్మకు యాంటీబయాటిక్ రాసి పంపు' అని వాట్సాప్‌లో అడుగుతాం. గుడిలో హెల్త్ క్యాంపు పెడితే డాక్టర్ల జాబితా మనమే రాసేస్తాం. షరతుల కింద ఉన్న మనిషి నోరు తెరిచి 'నేను రాలేను' అనలేడు, ఎందుకని అడుగుతారని భయం. కానీ జీతం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, డాక్టరుగా చేసే పనా కాదా అన్నదే. ఒక ప్రిస్క్రిప్షన్ కూడా షరతు దాటించగలదు. ఎవరైనా డాక్టరు రానంటే కారణం అడగకుండా వదిలేయడం మనం చేయగలిగిన మంచి.

మారాల్సినవి

షరతులు దారి మూయడానికి కాదు, తిరిగి తీసుకురావడానికి అని చూపిన కేసు డాక్టర్ హదీజా బావా-గార్బాది. లెస్టర్‌లో 2011లో ఆరేళ్ల బాబు మరణించిన కేసులో ఆమెకు 2015లో నేరారోపణ రుజువైంది. 2017లో ట్రైబ్యునల్ 12 నెలల సస్పెన్షన్ ఇచ్చింది. జీఎంసీ అప్పీలుతో 2018 జనవరిలో హైకోర్టు పేరు తొలగించింది. అదే ఏడాది ఆగస్టులో కోర్ట్ ఆఫ్ అప్పీల్ సస్పెన్షన్‌ను పునరుద్ధరించింది. 2019లో ట్రైబ్యునల్ ఆమెను షరతులతో, దగ్గరి పర్యవేక్షణలో తిరిగి పనిలోకి అనుమతించింది. ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల బాధ ఏ తీర్పుతోనూ తీరదు. అయినా అంత తీవ్రమైన కేసులో కూడా షరతుల దారి తెరుచుకుంది.

ఆ దారి అందరికీ అందాలంటే పర్యవేక్షణ ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు జవాబుండాలి. షరతు రాసే అధికారం ట్రైబ్యునల్‌ది, సూపర్‌వైజర్‌ను ఇవ్వాల్సింది ఆసుపత్రి, దొరక్కపోతే నష్టం డాక్టరుది. షరతులతో ఉన్నవారికి పర్యవేక్షణతో కూడిన కొన్ని పోస్టులను ఎన్‌హెచ్‌ఎస్ ప్రాంతాలవారీగా కేటాయిస్తే, చాటుమాటు పనుల అవసరమే చాలావరకు తగ్గుతుంది. సూపర్‌వైజర్ వెళ్లిపోతే కొత్తవారు వచ్చేదాకా ఏం చేయాలో షరతులోనే రాయాలి. ఇవి నా అభిప్రాయాలు.

చట్టాన్ని మార్చే ఆలోచనా నడుస్తోంది. ట్రైబ్యునల్ దాకా వెళ్లకుండా, కేసు ఎగ్జామినర్ ప్రతిపాదించిన చర్యను డాక్టరు ఒప్పుకుంటే కేసు ముగించే పద్ధతిని ప్రభుత్వం 2021లో సంప్రదింపులకు పెట్టింది. 2024 డిసెంబరులో జీఎంసీ పరిధిలోకి వచ్చిన ఫిజీషియన్ అసోసియేట్లకు ఈ దారి ఇప్పటికే ఉంది. డాక్టర్లకూ వస్తే వేగం పెరుగుతుంది, వేదన తగ్గుతుంది. కానీ ఒంటరిగా, లాయరు లేకుండా, భయంతో సంతకం పెట్టేవారిలో మనవాళ్లు ఎక్కువ ఉంటారేమోనన్నదే నా దిగులు. పాటించలేని షరతుకు ఒప్పుకోవడం రేపటి ఉల్లంఘనకు ఈరోజే సంతకం పెట్టడం.

చేయాల్సినవి

ఫిర్యాదు లేఖ వచ్చిన రోజే మెడికల్ డిఫెన్స్ సంస్థకు ఫోన్ చేయండి. ఎన్‌హెచ్‌ఎస్ బీమా రోగి నష్టపరిహారం కేసులకే, జీఎంసీ విచారణలో లాయరును ఇవ్వదు. ఖర్చు తగ్గించుకోవడానికి ఈ సభ్యత్వం వదిలేసినవారు చాలామందిని చూశాను.

షరతుల కాగితాన్ని ఒక్కో వాక్యం విడదీసి, ఏ తేదీకి ఎవరికి ఏం చెప్పాలో పట్టిక రాసుకోండి. ప్రతి సమాచారం ఈమెయిల్‌లోనే పంపండి. ఏ షరతైనా పాటించడం కుదరని రోజు పని ఆపి, ఆ రోజే జీఎంసీకి రాయండి. అనుమానం ఉంటే అడగండి. అడిగినందుకు ఎవరి పేరూ తొలగించలేదు.

ఇక్కడ కుదరకపోతే హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో చూసుకుందాం అనుకునేవారికి ఒక మాట. గల్ఫ్ దేశాల లైసెన్సుకు గతంలో పనిచేసిన చోటి నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. జీఎంసీ ఇచ్చే పత్రంలో ఆంక్ష దాగదు. తిరుగు దిశలోనూ అంతే. వేరే దేశపు మెడికల్ కౌన్సిల్ చర్య తీసుకుంటే దాని ఆధారంగా ఇక్కడ విచారణ జరపడానికి బ్రిటిష్ చట్టంలో వీలుంది.

కుటుంబాలకు ఒక మనవి. 2005 నుంచి 2013 మధ్య జీఎంసీ విచారణ ఎదుర్కొంటూ 28 మంది డాక్టర్లు ఆత్మహత్యతో, లేదా ఆత్మహత్యగా అనుమానించే రీతిలో చనిపోయారని జీఎంసీయే 2014లో ప్రకటించింది. ఇంట్లో మనిషి మౌనంగా మారితే, రాత్రుళ్లు నిద్రపోకపోతే పరువు సంగతి తర్వాత చూసుకోండి. డాక్టర్ల మానసిక ఆరోగ్యం కోసం ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ప్రాక్టీషనర్ హెల్త్ గోప్యంగా సాయం చేస్తుంది.

ఆ రాత్రి కుర్రాడికి నేను చెప్పింది ఇదీ: "తమ్ముడూ, క్లినిక్‌వాళ్లకు ఇప్పుడే రానని చెప్పు. రేపు పొద్దున డిఫెన్స్ వాళ్లకు ఫోన్ చెయ్. ఇలా అడిగారు, ఒప్పుకోలేదు అని నీ సూపర్‌వైజర్‌కు ఈమెయిల్ పెట్టు." కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాలుగొందల పౌండ్లన్నా, ఈ నెల కిరాయికి పనికొస్తుండె" అన్నాడు. ఆ కిరాయి సంగతి మేం నలుగురం చూసుకున్నాం. పెద్ద విషయమేమీ కాదు.

అతని కేసు ఇంకా నడుస్తోంది. ఏమవుతుందో నాకు తెలియదు. కానీ రివ్యూ రోజున ట్రైబ్యునల్ ముందు పెట్టడానికి అతని దగ్గర ఆ ఈమెయిల్ ఉంది. పదేళ్ల కిందట నా మిత్రుడికి అలాంటి కాగితం ఒక్కటీ లేకపోవడంలో నా వంతూ ఉంది. మీకు ఇలాంటి ఫోన్ వస్తే, అర్ధరాత్రయినా ఎత్తండి. వినండి, విని ఊరుకోకండి.